మహానగరమున గోధుమపైరు

కళాఖండమనగానే మనకు గోడకు వ్రేలాడు చిత్రపటమో, పీఠముపై నిలిచిన ప్రతిమయో స్ఫురించును. అట్టిది ఒకసారి పూర్తియైన పిమ్మట ఎండ తగులకుండ, దుమ్ము పడకుండ కాపాడిన చాలును. నూఱేండ్లైనను అది అట్లే యుండును. కాని నీరు పోయనిచో వాడిపోవునట్టియు, కలుపు తీయనిచో నశించునట్టియు, కాలము వచ్చినపుడు కోత కోయవలసినట్టియు కళ యొకటి కలదు. దానికి పలక నేల, రంగులు మొక్కలు, కుంచె గునపము. చిత్రకారుడు గీచి విడిచిన చాలదు, దానిని పెంచవలెను. పెంచుట యనగా నేమో మన గృహిణులకు తెలిసినంత బాగుగ మఱెవరికి తెలియును? అందుచేత ఈ కళను గూర్చియు, దీనికి త్రోవ వేసినవారిలో ముఖ్యురాలగు ఆగ్నెస్ డెనెస్ అను విదుషీమణిని గూర్చియు సోదరీమణులకు కొంత తెలుపుట యుక్తమని తలచితిమి.

ఆగ్నెస్ డెనెస్ 1931వ సంవత్సరమున హంగేరీదేశపు ముఖ్యపట్టణమగు బుడాపెస్టులో జన్మించెను. బాల్యముననే స్వదేశమును విడిచి స్వీడనుదేశమునకును, అటుపిమ్మట అమెరికాకును చేరవలసివచ్చెను. చిన్ననాడు ఆమెకు కవిత్వమనిన మిక్కిలి మక్కువ. కాని దేశము మాఱినప్పుడెల్ల చుట్టునున్నవారి భాషయు మాఱుచుండెను. కన్నబిడ్డవంటి భాషను రెండుమాఱులు విడువవలసివచ్చిన ఆ బాలిక, ఏ దేశమువారికైనను తెలియు రేఖలను, రూపములను ఆశ్రయించెను. న్యూయార్కు నగరమునందలి న్యూస్కూలులోను, కొలంబియా విశ్వవిద్యాలయములోను విద్య నభ్యసించెను. గణితమును, తత్త్వమును, ప్రకృతిశాస్త్రములను చిత్రలేఖనముతో జోడించుట ఆమెకు స్వభావమైనది.

ఆ దినములలో అమెరికాలో సైతము స్త్రీల చిత్రములకు ప్రదర్శనశాలలలో చోటు దొరకుట దుర్లభముగ నుండెను. ఒకరిని యాచించుట కంటె తామే యొక శాలను నడుపుకొనుట మేలని కొందఱు స్త్రీలు నిశ్చయించి, 1972లో న్యూయార్కులో ఏ.ఐ.ఆర్. గ్యాలరీ యను సంస్థను స్థాపించిరి. స్త్రీచిత్రకారులు సహకారపద్ధతిని నడుపుకొన్న ప్రదర్శనశాలలలో ఆ దేశమున నిది మొదటిది. స్థాపకురాండ్రలో డెనెస్ ఒకతె.

వరి, వృక్షము, పాతఱ

ఆమె మొక్కలతో చేసిన మొదటి ప్రయోగము 1968లో జరిగెను. న్యూయార్కు రాష్ట్రమునందలి సల్లివాన్ జిల్లాలో నొకచోట కొలదిమంది యెదుట ఆమె మూడు పనులు చేసెను. మొదట వరి విత్తనములు చల్లెను. పిదప చెట్లకు గొలుసులు చుట్టెను. కడపట తాను వ్రాసిన చిన్న కవితలను, ప్రతియైనను ఉంచుకొనకయే, భూమిలో పాతిపెట్టెను. చూచువారికిది వింతగ దోచవచ్చును. కాని భావము గహనమైనది కాదు. వరి జీవమునకు ఆరంభము. గొలుసులు, మానవుడు ప్రకృతిపై మోపు చేతిబలిమికి గుఱుతు. పాతిపెట్టుట యనగా తనకు మిక్కిలి ప్రియమైనదానిని నేలకు తిరిగి యిచ్చుట. కవయిత్రి కాగోరి, భాషను గోల్పోయిన స్త్రీ తన కవితలనే విత్తనములవలె మన్నున కప్పగించినదని తలచినపుడు ఆ కార్యములోని వేదన మనకు బోధపడును.

ఇట్లు ఒక క్రియను జనులయెదుట ఆచరించి, ఆ ఆచరణమునే కళగా చూపుటను ఇపుడు పెర్ఫార్మెన్సు కళ యందురు. భూమిని, నీటిని, మొక్కలను కాపాడుటయే లక్ష్యముగా గల కళను పర్యావరణకళ యందురు. డెనెస్ చేసిన పనిలో ఈ రెండును కలిసియున్నవి.

1977 మొదలు 1979 వఱకు ఆమె ఈ క్రియనే మఱల పెద్దయెత్తున, నయాగరానదికి సమీపమున లూయిస్టన్ గ్రామమునందలి ఆర్టుపార్కు అనుచోట నిర్వహించెను. నదిలోయ యంచున అరయెకరము వరి నాటబడెను. ఆ వరి ఎఱ్ఱని వన్నెతో పెరిగినదని ఆమె తెలిపినది. ఆ నయాగరా జిల్లాయందే లవ్ కెనాల్ అను వాడయొకటి కలదు. పూర్వము రసాయనపు చెత్తను పాతిపెట్టిన నేలపై అచట ఇండ్లును బడియు కట్టిరి. 1978లో ఆ సంగతి బయల్పడి, ప్రభుత్వమువారు అచటి కుటుంబములను ఇండ్లు ఖాళీ చేయించవలసివచ్చెను. గోలపెట్టినవారిలో పిల్లల యనారోగ్యమును చూచి భయపడిన తల్లులు ముఖ్యులు. మన్నులో మనము దాచినది మన్నులోనే యుండునని నమ్మరాదు. అది యెన్నడో బిడ్డల యొడలిలో తేలును. ఆర్టుపార్కులో 1979లో ఆమె ఒక కాలపేటికను గూడ పాతిపెట్టెను. భవిష్యత్తును గూర్చి అనేకుల నడిగిన ప్రశ్నలకు వారిచ్చిన సమాధానములు అందుగలవు. వేయి సంవత్సరముల పిమ్మట, 2979లో, దానిని తెఱువవలెనని నియమము.

రెండెకరముల గోధుమ

డెనెస్ పేరు లోకమున వ్యాపించుటకు కారణమైనది 1982లో ఆమె చేసిన గోధుమసేద్యము. న్యూయార్కునందలి పబ్లిక్ ఆర్ట్ ఫండ్ అను సంస్థవారు, బహిరంగస్థలమున శిల్పమొకటి నిర్మింపుమని ఆమెను కోరిరి. నగరమున విగ్రహములు చాలినన్ని యున్నవని ఆమె యభిప్రాయము. శిల్పమునకు మాఱుగ గోధుమచేనును పెంచుదుననెను. అదియు ఊరి వెలుపల గాదు. ప్రపంచమునందలి ధనమెల్ల లెక్కలకు వచ్చు వాల్ స్ట్రీటునకు కూతవేటు దూరమున, మన్‌హట్టన్ దీవి కొనయందు.

అచట బ్యాటరీపార్కు ప్రక్కన నది యొడ్డును పూడ్చి ఏర్పఱచిన కొత్తనేల కలదు. ప్రపంచవాణిజ్యకేంద్రపు జంటసౌధములకు పునాదులు త్రవ్వినపుడు వెలువడిన మన్నును రాళ్లను పోసి పూడ్చిన నేల యది. ఆ జంటసౌధములు 2001లో కూలిపోయినవి. నాడు ఆ చేనికి అవియే వెనుకతెర. ఎదుట నీటికావల స్వాతంత్ర్యదేవి ప్రతిమ. నేలయన్నమాటయే గాని రాళ్లు, ఇనుపముక్కలు, చెత్త తప్ప అందు గడ్డియైనను సరిగా మొలచునది కాదు. రెండువందల లారీల మన్ను తెప్పించి పఱచిరి. డెనెస్, ఆమె సహాయకులు, స్వచ్ఛందముగా వచ్చిన కొందఱు కలిసి రాళ్లను చెత్తను ఏరివేసి, చేతులతోనే 285 చాళ్లు త్రవ్విరి. గింజలు చేతితో చల్లి, మన్ను కప్పిరి. నీటిపారుదలకు గొట్టములు అమర్చిరి.

తరువాతి కథ మన పల్లెలలో ప్రతి కాపుకుటుంబమునకు తెలిసినదే. సుమారు నాలుగునెలలు ఆ రెండెకరముల పైరును కనిపెట్టుకొని యుండవలసివచ్చెను. కలుపు తీసిరి; ఎఱువు వేసిరి; కాటుకతెగులు సోకిన వెన్నులను ఏరిరి; బూజు పట్టకుండ మందు చల్లిరి. ఆకుపచ్చని పైరు క్రమముగ పొడవు పెరిగి, వెన్నుదీసి, బంగారువన్నెకు తిరిగెను. ఆఫీసులకు పోవు గుమాస్తాలు, వర్తకులు ఎత్తైన మేడల కిటికీలనుండి ఆ చేనిని దినదినము చూచుచుండిరి. నడుమువఱకు పెరిగిన పైరునడుమ చేతికఱ్ఱతో నిలిచియున్న డెనెస్ ఛాయాచిత్రము నేటికిని కళాగ్రంథములలో కానవచ్చుచుండును. ఆగస్టు 16వ తేదీని కోత కోసిరి. వేయి పౌనులకు మించిన గోధుమలు, అనగా మన లెక్కకు నాలుగున్నర క్వింటాళ్లకు పైగా, చేతికి వచ్చెను.

ఆ గడ్డి నగరపు రక్షకభటుల గుఱ్ఱములకు మేతయైనది. గింజలలో కొంతభాగము, 1987 మొదలు 1990 వఱకు ప్రపంచమునందలి 28 నగరములలో, లోకపు ఆకలిని అంతమొందించుటకై ఏర్పఱచిన కళాప్రదర్శనముతోపాటు సంచరించెను. చూడవచ్చినవారు ఆ గింజలను తీసికొనిపోయి తమ తమ దేశములలో నాటిరి. చేను మాత్రము నిలువలేదు. కట్టడములకై ఉద్దేశింపబడిన ఆ నేలపై కట్టడములే లేచినవి.

దీనివలన ప్రయోజనమేమి?

ఈ కథ వినినవారు ఒక ప్రశ్న వేయక మానరు. రెండువందల లారీల మన్ను తోలించి, నాలుగునెలలు చాకిరిచేసి, నాలుగున్నర క్వింటాళ్ల గోధుమ పండించుట వివేకమా? ఆ వ్యయముతో అంగడిలో కొన్నచో ఎన్నియో రెట్లు గోధుమలు వచ్చునుగదా! ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుటకు ఇది మార్గమా?

ఈ ఆక్షేపణము త్రోసివేయదగినది కాదు. ఆ చేను ఎవరి ఆకలిని తీర్చలేదు. తీర్చునని డెనెస్ చెప్పనును లేదు. ఆమె ఆ చేనికి "గోధుమపొలము, ఒక ముఖాముఖి" యను భావము వచ్చునట్టి పేరు పెట్టెను. ముఖాముఖి నిలిచినవి రెండు లెక్కలు. ఆ నేల వెల నాడు 450 కోట్ల డాలర్లని అంచనా. అందు పండిన పంట నాలుగున్నర క్వింటాళ్లు. వర్తకుని లెక్కలో ఈ రెండవ యంకె సున్నతో సమానము. కాని ఆ మేడలలోని వారందఱును ప్రొద్దున లేచి తినునది ఈ రెండవ యంకెనే. వాల్ స్ట్రీటున కాగితములపై గోధుమలు నిత్యము చేతులు మాఱుచునేయుండును. అమ్మువాడును కొనువాడును గింజను కన్నెత్తియైన చూడరు. ఆ కాగితమునకు మూలమైనదానిని వారి కిటికీక్రింద మొలపించి చూపుటయే ఆమె చేసినపని. విలువ వేఱు, వెల వేఱు అని ఉపన్యసించిన వినువారు అరుదు. పచ్చని పైరు నాలుగునెలలు ఎదుట నిలిచిన చూడక తప్పదు.

ఇందు మన స్త్రీలు గమనింపదగిన విశేషము మఱియొకటి గలదు. ఇంట దినదినము జరుగు పని, అనగా వంట, పిల్లల పెంపకము, పెరటిమొక్కలకు నీరు, ముసలివారి సేవ, ఏ పద్దుపుస్తకములోను వ్రాయబడదు. వెల కట్టలేని పనికి విలువయే లేదని లోకము పొరబడుచుండును. నిత్యము చేయకున్న చెడిపోవుపని చేసినన్నాళ్లు ఎవరి కంటను పడదు. కలుపుతీతను, నీరుపెట్టుటను, తెగులు ఏరుటను కళ యని పేరుపెట్టి నడివీధిలో నిలిపిన డెనెస్, తెలిసియో తెలియకయో ఆ కనబడని పని కంతటికిని గౌరవము కలిగించెనని మా యభిప్రాయము.

నన్నూఱేండ్ల వనము

గోధుమ ఒక కాఱు పంట. డెనెస్ మఱియొక నిర్మాణము నన్నూఱు సంవత్సరములకు ఉద్దేశింపబడినది. ఫిన్లండుదేశమున యిలోయార్వి యను ఊరికి సమీపమున కంకరకై త్రవ్వి త్రవ్వి పాడుచేసిన గోతులు కలవు. అట్టి పాడునేలను బాగుచేయుటకై అచట ఒక గుట్టను నిర్మించి, దానిపై పదునొకండువేల దేవదారుజాతి చెట్లను పదునొకండువేలమంది మనుష్యులచే నాటింపవలెనని ఆమె సంకల్పించెను. దీనికి వృక్షపర్వతమని పేరు. 1992వ సంవత్సరము జూన్ 5వ తేదీని, రియో నగరమున జరిగిన ధరిత్రీమహాసభలో ఫిన్లండు ప్రభుత్వమువారు ఈ కార్యమును తాము చేపట్టుదుమని ప్రకటించిరి. 1996నాటికి నాటుట పూర్తియైనది.

ఆ గుట్ట కోడిగ్రుడ్డు ఆకారమున 420 మీటర్ల పొడవు, 270 మీటర్ల వెడల్పు కలది. చెట్లను తోచినట్లు నాటలేదు. పొద్దుతిరుగుడుపూవులో గింజలు, అనాసపండుపై కన్నులు ఏ గణితక్రమమున పేర్చబడియుండునో ఆ క్రమమును అనుసరించి నాటిరి. పైనుండి చూచినచో అదియొక బ్రహ్మాండమైన ముగ్గువలె తోచును. లోన నడచినచో అడవియే.

చెట్టు నాటిన ప్రతివారికిని, ఆ చెట్టు వారిదని తెలుపు పత్రమొకటి యిచ్చిరి. ఆ హక్కు వారి సంతానమునకు, వారి సంతతివారికి, ఇట్లు ఇరువది తరములవఱకు సంక్రమించును. చెట్టు ఒకరిదై యుండవచ్చును గాని, గుట్టను ఎవరును సొంతము చేసికొనరాదు. చెట్టును అచటినుండి కదల్పరాదు. నన్నూఱు సంవత్సరములు దీనిని కాపాడవలెనని కట్టడి. ఇది సామాన్యమైన వాగ్దానము కాదు. నన్నూఱేండ్లలో రాజ్యములు మాఱును, భాషలు మాఱును. పత్రము వ్రాసిన చేతులలో ఒకటియు మిగులదు. తాను చూడజాలని నీడకొఱకు చెట్టు నాటుటయు, తాను కానని మనుమల మనుమలకు ఆ చెట్టును అప్పగించుటయు ఆ పత్రములోని సారము.

గోధుమచేను పండిన ఆ 1982లోనే జర్మనీదేశపు కాసెల్ నగరమున జోసెఫ్ బాయిస్ అను శిల్పి యిట్టి కార్యమునే ఆరంభించెను. ఏడువేల చెట్లను నగరమంతట నాటవలెననియు, ప్రతి చెట్టు ప్రక్కను ఒక నల్లరాతి స్తంభమును పాతవలెననియు అతని సంకల్పము. ఏడువేల రాళ్లను చిత్రశాల యెదుట గుట్టగా పోయించెను. ఒక చెట్టు నాటినగాని ఒక రాయి కదలదు. చెట్లు నాటుకొలది రాళ్లగుట్ట తఱుగుచుండును. కావున జాప్యము జరిగినచో ఆ గుట్టయే ఊరివారిని ప్రశ్నించుచుండును. 1986లో బాయిస్ మరణించెను. కడపటి చెట్టును 1987లో అతని కుమారుడు నాటెను. రాయి పెరుగదు, చెట్టు పెరుగును. నాడు రాతికంటె పొట్టిగనున్న మొక్కలు నేడు రాతిని నీడలో ముంచుచున్నవి.

డెనెస్ కృషి అంతటితో ఆగలేదు. 1998లో ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్ను నగరమున, నశించిపోవుచున్న జాతులకు చెందిన ఆఱువేల చెట్లతో ఐదు సుడులుగా నొకవనము నాటించెను. 2015లో న్యూయార్కునందు ముప్పదియడుగుల యెత్తున మెట్లుమెట్లుగా పూలమొక్కలతో సజీవమైన పిరమిడును నిర్మించెను; 2017లో దానివంటిదే కాసెలులోను వెలసినది. ఆ 2015లోనే ఇటలీలోని మిలాను నగరమున, ఆకాశహర్మ్యముల నడుమ పండ్రెండెకరముల గోధుమచేను మఱల పండెను. ఈ పర్యాయము విత్తుటకును కోయుటకును నగరవాసులే దిగివచ్చిరి. ఇంత చేసిన ఈమె కృషినంతటిని ఒకచోట చేర్చి, న్యూయార్కులోని షెడ్ అను కళామందిరమువారు పెద్దప్రదర్శనము జరిపినది 2019లో. అప్పటి కామెకు ఎనుబదియెనిమిది యేండ్లు. గౌరవము ఆలస్యముగ వచ్చినదనుట సత్యము. మొక్కలతో బ్రదికినవారికి ఓర్పు కొఱవడదు కాబోలు.

మన యిండ్లలో

మొలకను పూజ్యవస్తువుగ చూచుట మన స్త్రీలకు కొత్త గాదు. వివాహములలో మట్టిపాలికలయందు నవధాన్యములు చల్లి, ముత్తైదువలు నీరు పోసి, మొలకలు వచ్చువఱకు కాపాడి, పిదప నీటిలో విడుచుట మనకు అనుశ్రుతముగా వచ్చుచున్న ఆచారము. ఒక కుటుంబము ఆరంభమగుచున్నదని చెప్పుటకు మన పెద్దలు మాటలను గాక మొలకలను ఎన్నుకొనిరి. ఐనను ఆచారమునకును డెనెస్ చేసినదానికిని భేదము కలదు. ఆచారము మనలను మన పెద్దలతో కలుపును; చేసినది చేయుటయే దాని ధర్మము. ఆమె పని, ఇంతవఱకు ఎవరును అడుగని ప్రశ్నను అడుగుట. ఒకదాని కొకటి ప్రతినిధి కాజాలదు. కాని పాలికలో మొలక వాడిన తల్లడిల్లు మనసు, ఊరిచెఱువు పూడిపోయినను, పంటపొలము ఇండ్లస్థలములుగ ముక్కలైనను తల్లడిల్లకుండుట తగునా యని ఆలోచించుకొనవలసియున్నది.

నేడు మన పట్టణముల చుట్టును ఏమి జరుగుచున్నదో పాఠకురాండ్రకు చెప్పనక్కఱలేదు. నిన్న నాట్లువేసిన మడిలో నేడు హద్దురాళ్లు నిలుచుచున్నవి. అమ్మినవారిని నిందింపజాలము, పంటమీద వచ్చునది చాలక, బిడ్డల చదువులకో పెండ్లిండ్లకో అమ్ముకొనువారే పెక్కుమంది. కొన్నవారికిని తలదాచుకొన ఇల్లు కావలసినదే. తప్పు ఒకరిది కాకపోయినను నష్టము అందఱిది. నేల వెల పెరుగుచున్నదని సంతోషించు దినమున, అదే నేల మనకు పెట్టిన అన్నమును గూర్చి ఒక్క నిమిషమైనను తలచుకొనుట కృతజ్ఞత. ఆ తలపును కలిగించుటకే ఒక పరదేశపు స్త్రీ రెండువందల లారీల మన్ను మోయించినది.

డెనెస్ వలె మహానగరమున చేను వేయుట మనలో అందఱికి సాధ్యము కాదు. కాని వృక్షపర్వతమునందలి పత్రము వంటిది వ్రాసికొనుటకు ప్రభుత్వముతో గాని ద్రవ్యముతో గాని పనిలేదు. ఇంట బిడ్డ పుట్టిననాడు ఒక మొక్క నాటుడు. పెరడు లేనివారు బడిలోనో, గుడిలోనో, చెఱువుగట్టుననో పెద్దల యనుమతితో నాటవచ్చును. బిడ్డ పుట్టినతేదీ వ్రాసిన పుస్తకములోనే ఆ మొక్క పేరును, చోటును వ్రాసి, నీరు పోయుట ఎవరి వంతో గూడ వ్రాయుడు. నాటుట సులభము, నాటిన ఫోటో తీయించుకొనుట మఱియు సులభము. మూడు వేసవులు దానిని బ్రదికించుటయే కష్టము, అదియే కళ. బిడ్డకు బుద్ధి తెలిసిన పిమ్మట ఆ పుటను చూపి, ఆ చెట్టును వానికో ఆమెకో అప్పగించుడు. అప్పుడు ఆ చెట్టు మీది కాదు, ఇంకను పుట్టనివారిది.